వేపేరిలో రెండు గంటలు, ఇంట్లో ఎనిమిది వారాలు: కుక్క కాలి ఎముక అతుక్కునే దారి

చెన్నైలో ఏ పేటకు వెళ్లినా ఒక బోర్డు కనిపిస్తుంది: పుత్తూరు కట్టు. తిరుపతి జిల్లా పుత్తూరు పక్క పల్లెలో పుట్టిన ఈ వైద్యం పేరు తమిళనాడులోనూ తెలియనివాళ్లు తక్కువ. వేటలో దొరికిన కుందేలు కాలు ఆకు పసరుతో అతుక్కుందని, ఆ ఆకును పట్టుకునే వైద్యం మొదలైందని కథగా చెప్పుకుంటారు. అందుకే చూలై, పెరంబూరు, వ్యాసర్‌పాడి వైపు తెలుగు ఇళ్లలో పెంపుడు కుక్క బండి కింద పడి కాలు వేలాడేసుకుని వస్తే, ముందుగా నోట వచ్చే మాట "కట్టు కట్టిద్దాం". మనిషికి నయమైంది కదా, కుక్కకెందుకు కాదు అనేది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు తెలిస్తే ఆపరేషన్ ఎప్పుడు అవసరమో, ఆ తర్వాత ఇంట్లోవాళ్లు ఏం చేయాలో కూడా చాలావరకు తెలిసిపోతుంది.

వెదురు బద్దల కట్టైనా, పిండికట్టైనా, ఇప్పటి ఫైబర్ కట్టైనా చేసే పని ఒకటే. విరిగిన చోట కదలిక తగ్గిస్తుంది. అందుకోసం విరిగిన ఎముకకు పైన ఉన్న కీలు, కింద ఉన్న కీలు రెండూ కట్టు లోపల ఉండాలి. మనిషి ముంజేయి విరిగితే మోచేయి, మణికట్టు కలిపి కట్టేస్తారు. కుక్కకు వెనక కాలి తొడ ఎముక విరిగిందనుకుందాం. దాని పై కీలు తుంటి. ఆ తుంటి కదలకుండా కట్టడం సాధ్యమయ్యే పని కాదు. పైగా కుక్క తొడ పైన లావుగా, కిందికి సన్నగా గరాటులా ఉంటుంది. ఎంత గట్టిగా కట్టినా ఒకటి రెండు రోజుల్లో కట్టు జారుతుంది. జారిన కట్టు పై అంచు సరిగ్గా విరిగిన చోటికే వచ్చి ఆగుతుంది. ఇక అక్కడి నుంచి ఆ కట్టే ఒక బరువై, అడుగు వేసినప్పుడల్లా విరిగిన ముక్కలను ఊపుతుంది. కుక్కల పొడవాటి ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఈ తొడ ఎముకే. ముందు కాలిలో భుజానికి, మోచేతికి మధ్య ఉండే ఎముకదీ ఇదే కథ. ఈ రెండింటికీ కట్టు కట్టడం అంటే ఏమీ చేయకపోవడం కన్నా చెడ్డ పని.

మరి కట్టు అసలు పనికిరాదా అంటే, అలా అనలేం. మోచేతికి, మోకాలికి దిగువన విరిగి, ముక్కలు పక్కకు పెద్దగా తప్పుకోకుండా ఉంటే పనికొస్తుంది. రెండు కోణాల్లో తీసిన ఎక్స్‌రేల్లోనూ ముక్కలు కనీసం సగం మేర ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండాలని డాక్టర్లు ఒక లెక్క పెట్టుకుంటారు. మూడు నెలల కుక్కపిల్ల ఎముక పచ్చి కొమ్మలా ఒక పక్క చిట్లి, రెండో పక్క వంగి ఆగిపోయిందంటే మూడు నాలుగు వారాల కట్టుతో చక్కగా అతుక్కుంటుంది. దానికి కత్తి పెట్టడం అనవసరం.

మోసం చేసేది చిన్న జాతి కుక్కలు. పొమేరియన్, షివావా, టాయ్ పూడిల్ లాంటివి సోఫా మీదినుంచో, పిల్లల చేతుల్లోంచో దూకి ముందు కాలు విరగ్గొట్టుకుంటాయి. విరిగేది మణికట్టుకు కాస్త పైన, రెండు సన్నటి ఎముకలు పక్కపక్కనే ఉండే చోట. లెక్క ప్రకారం అది మోచేతికి దిగువే, కట్టు సరిపోవాలి. కానీ ఆ చోట వాటి ఎముక చుట్టూ కండ దాదాపు లేదు, లోపలికి వెళ్లే రక్తనాళాలు పెద్ద కుక్కల్లో కన్నా తక్కువ. ఎముక మందం కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి కొద్దిపాటి కదలిక కూడా దానికి పెద్దదే. కట్టు కట్టిన చిన్న కుక్కల్లో ఈ ఎముక అతుక్కోకుండా మిగిలిపోవడం పశువైద్యంలో బాగా తెలిసిన ఇబ్బంది. రెండు నెలలు కట్టులో ఉంచి, అప్పుడు ఆపరేషన్‌కు తెస్తే ఎముక చివరలు పెన్సిల్ మొనల్లా కరిగిపోయి ఉంటాయి. మొదటి వారంలో ఒక చిన్న ప్లేటుతో తేలిపోయే పని అప్పటికి తుంటి నుంచి మూలుగ ఎముక తెచ్చి పెట్టే పెద్ద పనిగా మారుతుంది.

"కొద్దిపాటి కదలిక" అంటే ఎంత? ఈ లెక్కను 1970ల చివర్లో స్టీఫన్ పెరెన్ అనే శాస్త్రవేత్త స్పష్టంగా చెప్పారు. విరిగిన రెండు చివరల మధ్య 1 మిల్లీమీటరు సందు ఉండి, అడుగు వేసినప్పుడల్లా ఆ సందు ఇంకో 1 మిల్లీమీటరు సాగితే, మధ్యలో ఉన్న కణజాలం నూరు శాతం సాగినట్టు. గాయం మానేటప్పుడు మొదట వచ్చే మెత్తటి కణజాలం అంత సాగుడునూ తట్టుకుంటుంది. మృదులాస్థి 10 శాతం దాకా ఓర్చుకుంటుంది. అసలు ఎముక కణం మాత్రం 2 శాతం దాటితే బతకదు. అందుకే శరీరం మెట్టు మెట్టుగా పోతుంది. ముందు నెత్తురు గడ్డకడుతుంది, తర్వాత మెత్తటి అతుకు పడుతుంది, అది కదలికను తగ్గించాక గట్టి అతుకు, ఆ తర్వాత నెలల తరబడి సానపట్టడం. కదలిక తగ్గకపోతే ఈ మెట్లలో ఎక్కడో ఒక చోట పని ఆగిపోతుంది. మనిషికి "కాలు కింద పెట్టకండి" అని చెప్పొచ్చు, కర్రలు ఇవ్వొచ్చు. కుక్క అయితే నొప్పి తగ్గిన మర్నాడే గేటు దగ్గరికి పరిగెత్తుతుంది. పుత్తూరు కట్టుకు మనిషి దగ్గర దొరికే ఆ సహకారం కుక్క దగ్గర దొరకదు. ప్లేటు, రాడ్ల అవసరం వచ్చింది అందుకే. అవి ఎముకను అతికించవు. అది తనంతట తాను అతుక్కునేదాకా కదలకుండా పట్టుకుని ఉంటాయి.

ఇక ప్రమాదం జరిగిన రోజు సంగతి. బండి గుద్దిన కుక్కలో కంటికి కనిపించేది కాలు. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఛాతీ, పొట్ట. ఊపిరితిత్తులు కమిలిపోవడం, ఛాతీలోకి గాలి చేరడం, మూత్రాశయం చిట్లడం, పొట్టకు ఛాతీకి మధ్య పొర చిరిగి పేగులు పైకి వెళ్లడం, ఇవేవీ బయటికి కనపడవు. ఊపిరితిత్తుల కమిలిక మొదటి 24 నుంచి 48 గంటల్లో ముదరవచ్చు. గుండె లయ తప్పడం కూడా ఒక రోజు ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే మంచి డాక్టరు ముందు ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు, చిగుళ్ల రంగు చూస్తారు, మూత్రం పోసిందా అని అడుగుతారు, కాలు ఆపరేషన్‌ను రెండు మూడు రోజులు వాయిదా వేస్తారు. "ఎముక విరిగి పడుంటే రేపు మాపు అంటున్నారు" అని ఇంట్లోవాళ్లు కోప్పడేది ఇక్కడే. ఆ కోపంలో ప్రేమ ఉంది, కానీ ఆ వాయిదాలోనూ కుక్క ప్రాణం ఉంది. చర్మం చిరగకుండా లోపలే విరిగిన ఎముకకు ఆ రెండు రోజుల వల్ల నష్టం ఏమీ ఉండదు. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే మాత్రం లెక్క వేరు. శుభ్రమైన గుడ్డ కప్పి, కొద్ది గంటల్లోనే యాంటీబయాటిక్ పడేలా చూడాలి.

దారిలో చేయాల్సినవి కొన్నే. ఎంత మచ్చికైన కుక్కైనా ఆ నొప్పిలో పెంచినవాళ్లనే కరవొచ్చు. చున్నీతోనో, వెడల్పాటి నాడాతోనో మూతి కట్టొచ్చు. ఊపిరికి ఇబ్బంది పడుతున్నా, వాంతి చేసుకుంటున్నా, పగ్‌లాంటి పొట్టి ముక్కుదైనా కట్టకూడదు. కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకాకు అదే రోజు వెళ్లాలి. కుక్కను చెక్క పలక మీదో, నలుగురు పట్టుకున్న దళసరి దుప్పటిలోనో ఎత్తాలి. తొడకు ఇంట్లో బద్దలు కట్టొద్దు, పైన చెప్పుకున్న కారణానికే. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయొద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు కడుపులో పుండ్లు పడేలా చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ అంటే రాబందులను మన దేశంలో దాదాపు తుడిచిపెట్టిన మందు, పశువులకు వాడకుండా 2006లోనే నిషేధించారు. పారాసిటమాల్ మోతాదు మించితే కుక్కకు ప్రమాదం, పిల్లికైతే ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. కుక్కలకు పనికొచ్చే నొప్పి మందులు ఉన్నాయి, వాటి మోతాదు కిలోల లెక్కన డాక్టరే చెప్పాలి.

చెన్నైలో ఈ కేసులు చాలావరకు చేరేది వేపేరికి. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఆస్పత్రి అక్కడే ఉంది. 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఇప్పుడు నడుస్తోంది. ఉమ్మడి మద్రాసు రోజుల్లో తెలుగు జిల్లాల కుర్రాళ్లు పశువైద్యం చదవడానికి వచ్చింది ఇక్కడికే. సెంట్రల్ స్టేషన్‌కు, ఎగ్మోర్‌కు దగ్గర కావడంతో బయటి ఊళ్లవాళ్లకూ అందుబాటులో ఉంటుంది. ప్రైవేటు క్లినిక్కుల్లో ప్లేటు ఆపరేషన్ ఖర్చు పదుల వేలల్లో ఉంటుంది, ఇక్కడ చాలా తక్కువ. బదులుగా ఓపిక కావాలి. పొద్దున్నే రావాలి, వరసలో కూర్చోవాలి, ఒక్కోసారి మర్నాడు మళ్లీ రావాలి. ఒక చిన్న సంగతి. కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, నోటితో చెప్పే జాగ్రత్తలు తమిళంలో ఉంటాయి. కొత్తగా చెన్నైకి వచ్చిన తెలుగువాళ్లు మొహమాటపడి తల ఊపి వచ్చేస్తారు. ఆరు అన్న అంకె, వారం అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి "ఆరు వారాలు" మాత్రం అర్థమవుతుంది. ఆ ఆరు వారాలు ఏం చేయాలో అర్థం కాకుండా మిగిలిపోతుంది. అడిగి, రాయించుకుని, మళ్లీ ఒకసారి చదివి వినిపించి రావడంలో తప్పేమీ లేదు.

ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షను ఈ ఊళ్లో తేలిగ్గా తీసుకోకూడదు. చెన్నై వేడికి, తేమకు పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి. వాటి కాటుతో వచ్చే ఎర్లీషియా, బబీసియా జ్వరాలు చాలా కుక్కల్లో బయటికి కనపడకుండా నిద్రాణంగా ఉంటాయి. ఎర్లీషియా ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది, బబీసియా ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. చూడటానికి హుషారుగా తిరిగిన కుక్క ఆపరేషన్ బల్ల మీద రక్తం ఆగక ఇబ్బంది పడటానికి ఇది కారణం కావచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే ముందు దానికి మందు వాడి, తర్వాత ఎముక సంగతి చూస్తారు. ఈ పరీక్ష డబ్బులు దండగ అనుకునేవాళ్లకు చెప్పాల్సింది ఒకటే. ఇది మత్తు డాక్టరు అడిగే పరీక్ష, బిల్లు పెంచడానికి పెట్టిన పరీక్ష కాదు.

బల్ల మీద డాక్టరు ముందున్న దారులు ముఖ్యంగా మూడు. మొదటిది ఎముక మూలుగ గొట్టంలోకి దింపే రాడ్. ఇది ఎముక వంగకుండా బాగా ఆపుతుంది, కానీ మెలి తిరగడాన్ని, ముక్కలు ఒకదాని మీదికి ఒకటి జారడాన్ని ఆపలేదు. గొట్టంలో కర్ర పెట్టి పైనున్న గొట్టాన్ని తిప్పి చూస్తే విషయం తెలుస్తుంది. అందుకే ఒక్క రాడ్‌తోనే వదిలేయాలంటే అది గొట్టంలో 60 నుంచి 70 శాతం నిండాలి, విరిగిన గీత కూడా పళ్లు పళ్లుగా ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఉండాలి. కోలగా విరిగితే చుట్టూ తీగ బిగిస్తారు. ఖర్చు తక్కువని, ఎముక ఎలా విరిగినా రాడ్ ఒక్కటే వేయమని అడగడం తర్వాత రెండో ఆపరేషన్‌కు దారి తీయవచ్చు.

రెండోది ప్లేటు, స్క్రూలు. వంగడం, మెలి, జారడం అన్నిటినీ ఆపుతుంది. మామూలుగా విరిగిన చోటుకు అటు కనీసం మూడు, ఇటు మూడు స్క్రూలు ఉండేలా చూస్తారు. పాత ప్లేట్లు ఎముకను గట్టిగా నొక్కుకుని నిలబడేవి, ఆ నొక్కుడుకు కింద రక్తప్రసరణ తగ్గేది. లాకింగ్ ప్లేటులో స్క్రూ తల ప్లేటులోకే మరలతో బిగుసుకుంటుంది కాబట్టి ఎముకను నొక్కాల్సిన పని లేదు. డ్రిల్లు వేసేటప్పుడు పక్కన ఒకరు సెలైన్ పోస్తూ ఉంటారు. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక నిమిషం ఉన్నా ఆ చుట్టూ కణాలు చచ్చిపోయి, స్క్రూ తర్వాత వదులవుతుంది. 1958లో స్విట్జర్లాండ్‌లో కొందరు సర్జన్లు కలిసి మొదలుపెట్టిన ఏఓ బృందం ఈ ప్లేటు వైద్యానికి సూత్రాలు రాసింది. ముక్కలను సరిగ్గా కూర్చు, గట్టిగా పట్టు, రక్తనాళాలను కాపాడు, తొందరగా నడిపించు. కుక్కలకూ అవే సూత్రాలు.

మూడోది బయటి ఫ్రేమ్. చర్మం బయటి నుంచి సన్నటి కడ్డీలు ఎముకలోకి దింపి, వాటిని బయట ఒక చట్రానికి బిగిస్తారు. ఎముక విరిగిన చోట గాయం తెరుచుకుని మురికి పట్టినప్పుడు ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే గాయంలో లోహం పెట్టనక్కర్లేదు. దీని వెనక కుక్కలను ప్రేమించేవాళ్లు తెలుసుకోదగ్గ చరిత్ర ఉంది. 1930ల్లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒట్టో స్టేడర్ అనే పశువైద్యుడు కుక్కల కోసం ఇలాంటి చట్రం తయారుచేశారు. కట్టు కట్టలేని తొడలతో, కట్టును కొరికి పారేసే కుక్కలతో ఆయన పడిన అవస్థలోంచే అది పుట్టింది. అది చూసి మనుషుల డాక్టర్లు దాన్ని తీసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం గాయపడిన నావికులకు దాన్ని వాడింది. మనుషుల వైద్యం జంతువులకు దిగివస్తుందని అనుకుంటాం. ఈ విషయంలో దారి అటు నుంచి ఇటు.

ఎదిగే కుక్కపిల్లలకు ఇంకో చిక్కు ఉంటుంది. పొడవాటి ఎముకల చివర ఎదుగుదల పొర ఉంటుంది, జాతిని బట్టి దాదాపు ఏడాది వయసుకు మూసుకుంటుంది. దెబ్బ ఆ పొర మీద పడితే ఎముక అతుక్కున్నా ఎదుగుదల ఆగిపోవచ్చు. ముందు కాలిలో రెండు ఎముకలున్న చోట ఒకటి ఆగిపోయి రెండోది ఎదుగుతూ ఉంటే కాలు విల్లులా వంగుతుంది. అందుకే పిల్లకు దెబ్బ తగిలి కుంటు పోయినా, రెండు మూడు వారాల తర్వాత రెండు కాళ్లకూ కలిపి ఎక్స్‌రే తీయించడం మంచిది.

పిల్లల్లో అంతకన్నా భయపడాల్సింది తొడ కండరం బిగుసుకుపోవడం. మోకాలికి దగ్గరగా తొడ ఎముక విరిగినప్పుడు కాలును చాచి కట్టేస్తే, ముందు తొడ కండరం ఎముకకే అతుక్కుపోయి మోకాలు ఇక వంగదు. కాలు కర్రలా వెనక్కి నిలబడిపోతుంది. ఒకసారి అలా అయ్యాక సరిచేయడం చాలా కష్టం. ఎముక బాగా అతుక్కుంది, కాలు మాత్రం పనికిరాకుండా పోయింది అనే బాధాకరమైన ఫలితం ఇదే. ఆపరేషన్ ఎందుకు చేస్తారంటే కీళ్లను తొందరగా కదిలించడానికి. కాబట్టి డాక్టరు చెప్పిన రోజు నుంచే, చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లోనే, మోకాలిని మెల్లగా వంచి చాచడం మొదలుపెట్టాలి. పూటకు పది పదిహేను సార్లు, రోజుకు రెండు మూడు పూటలు. నొప్పి మందు పనిచేసే వేళ చూసుకుని, కుక్క పక్కకు పడుకుని ఉండగా, అది తల తిప్పి చూసిన చోట ఆగిపోవాలి. మొదటి మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పదేసి నిమిషాలు పెడితే వాపు దిగుతుంది. చెన్నైలో ఆపరేషన్ ఎంత బాగా చేస్తున్నా, ఎక్కువగా వదిలేస్తున్నది ఈ భాగమే.

ఇప్పుడు ఇల్లు. పెద్ద కుక్క ఎముక గట్టిపడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, కుక్కపిల్లకు అంతకన్నా తక్కువే. ఈ వారాల్లో కుక్క నిలబడి, తిరిగి, పడుకోగలిగినంత చోటే దాని ప్రపంచం. పెద్ద పంజరమో, గది మూలలో అడ్డం పెట్టిన గ్రిల్లో చాలు. చెన్నై ఫ్లాట్లలో నేల అంటే టైల్స్, గ్రానైటే. మూడు కాళ్లతో దాని మీద నడవడం మనిషి తడి బాత్రూంలో నడిచినట్టు ఉంటుంది. రబ్బరు చాపో, పాత యోగా మ్యాటో, కొబ్బరి పీచు పట్టో పరిచి దారి వేయాలి. బయటికి తీసుకెళ్లేది మలమూత్రాలకు మాత్రమే, అదీ పట్టీ వేసి, ఐదు నిమిషాలు. వెనక కాలు ఆపరేషనైతే పొట్ట కింద తువ్వాలు వేసి పైకి పట్టుకోవాలి. పాత చూలై ఇళ్ల ఇరుకు మెట్లు, లిఫ్టు లేని మూడో అంతస్తులు ఉన్నచోట ఇద్దరు మోయాలి. అది కుదరకపోతే ఆ రెండు నెలలు కింద ఎవరి ఇంట్లోనైనా ఉంచడం నయం.

అసలు గండం మూడో వారంలో ఉంటుంది. అప్పటికి కుట్లు తీసేసి ఉంటారు, 10 నుంచి 14 రోజులకే తీస్తారు. నొప్పి పోయింది, వాపు తగ్గింది, కుక్క నాలుగు కాళ్ల మీద నిలబడి తోక ఊపుతోంది. లోపల అతుకు మాత్రం ఇంకా మెత్తగానే ఉంది. బరువంతా మోస్తున్నది లోహమే. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒక్క దెబ్బకు విరగకపోయినా ఎన్నోసారికో పుటుక్కుమంటుంది. ప్లేటు కూడా అంతే. ఒక గంతుకు విరిగేది తక్కువ, వేల అడుగులకు అలసిపోయి విరుగుతుంది. ఎముక ముందు అతుక్కుంటుందా, ప్లేటు ముందు అలసిపోతుందా అన్న పోటీ ఇది. ఆ పోటీలో ఎముకను గెలిపించాల్సింది ఇంట్లోవాళ్లు. పంజరంలోంచి రాత్రంతా మూలుగుతుంటే "పాపం, కాసేపు వదులుదాం" అనిపిస్తుంది. అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్న ఇంట్లో ఆ మాట ఇంకా తొందరగా వస్తుంది. ఆ జాలి సహజం, కానీ ఆ కాసేపే ప్లేటును వంచేది. దాని బదులు అన్నం గిన్నెలో కాకుండా బొమ్మలో దాచి పెట్టడం, పక్కన కూర్చుని దువ్వడం, కాలింగ్ బెల్ ఆపేయడం పనికొస్తాయి. మరీ తట్టుకోలేకపోతే నెమ్మది పరిచే మందు డాక్టరును అడగొచ్చు.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఆపరేషనైన కుక్కలకు రెండు అదనపు కష్టాలు. ఒకటి దీపావళి టపాసులు. భయపడి గంతు వేసిన ఒక్క రాత్రి ఆరు వారాల శ్రమను పోగొట్టగలదు కాబట్టి ముందే మందు రాయించుకుని, తలుపులు మూసిన లోపలి గదిలో ఎవరైనా తోడుండాలి. రెండోది ఈశాన్య రుతుపవనాల వాన. కట్టు ఉన్న కాలు తడిస్తే లోపల చర్మం నాని పుండు పడుతుంది. బయటికి వెళ్లేటప్పుడు పాదానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, రాగానే తీసేయాలి. తీయకుండా వదిలేస్తే చెమటకే తడుస్తుంది. రోజుకు రెండుసార్లు కట్టు కింద కనిపించే మధ్య రెండు వేళ్లు చూడాలి. గోళ్లు ఒకదానికొకటి దూరంగా విచ్చుకుంటే లోపల వాపు వచ్చిందని, కట్టు బిగుతుగా ఉందని అర్థం. అది గంటల్లో చూపించాల్సిన విషయం, మర్నాటి దాకా ఆగేది కాదు. కట్టు దగ్గర వాసన రావడం, చీము కారడం, 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, నిన్నటిదాకా మోపిన కాలును ఈరోజు ఎత్తేయడం, ఇవన్నీ అలాంటివే. కుట్లు నాకకుండా మెడ చుట్టూ గరాటులా కట్టిన కోన్‌ను తిండి వేళ తప్ప తీయకూడదు. కుట్లు నాకి ఊడదీయడానికి కుక్కకు పది నిమిషాలు చాలు.

తిండి గురించి మన ఇళ్లలో నమ్మకాలు గట్టివి. ఎముక విరిగితే మేక కాళ్ల సూపు, క్యాల్షియం టానిక్. కుక్క విషయంలో రెంటికీ జాగ్రత్త కావాలి. సూపులో వేసే ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికిన ఎముక ముక్కలు పేగుల్లో గుచ్చుకుంటాయి. సరైన తిండి తింటున్న పెద్ద కుక్కకు అదనపు క్యాల్షియంతో అతుకు తొందరగా పడదు, ఎదిగే పెద్ద జాతి పిల్లకైతే ఎక్కువ క్యాల్షియం కీళ్లకు చెరుపు. అయితే దీనికి ఇంకో వైపు ఉంది. కేవలం చికెన్, అన్నం పెట్టి పెంచిన కుక్కపిల్లల్లో ఎముకలు నిజంగానే కాగితంలా పలచబడతాయి. మాంసంలో భాస్వరం ఎక్కువ, క్యాల్షియం బాగా తక్కువ. రక్తంలో క్యాల్షియం నిలపడానికి శరీరం ఎముకల్లోంచి తీసుకుంటుంది. అలాంటి పిల్ల మంచం దిగినా కాలు విరుగుతుంది. పెద్ద దెబ్బ తగలకుండా విరిగిందంటే డాక్టరు మొదట అడిగేది ఏం పెడుతున్నారని. వయసు మళ్లిన పెద్ద కుక్కలో అలా విరిగితే ఎముక క్యాన్సర్‌ను అనుమానించాలి. అప్పుడు ప్లేటు వేయడం జవాబు కాదు. పంజరంలో ఉన్నన్నాళ్లు తిండి కొంత తగ్గించడం కూడా అవసరం, పెరిగిన ప్రతి కిలో ఆ ప్లేటు మీదే పడుతుంది.

వీధి కుక్క విషయంలో లెక్కలు మారతాయి. 1964లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా లాంటి సంస్థలు చెన్నైలో వీధి కుక్కలను ఎన్నింటినో ఆదుకుంటున్నాయి. ప్లేటు వేయించడానికి చందాలు పోగవుతాయి, వీధిలో అందరూ తలా కొంత ఇస్తారు. ఎనిమిది వారాలు ఎవరు ఉంచుకుంటారు అన్న దగ్గర మాట ఆగిపోతుంది. ప్లేటు వేసి వారానికే వీధిలో వదిలితే అది విరిగి, చీము పట్టి, కుక్క మొదటికన్నా ఎక్కువ బాధపడుతుంది. ఉంచుకునే చోటు దొరకనప్పుడు, కాలు మరీ నుజ్జయినప్పుడు, కాలు తీసేయడం క్రూరం కాదు. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్లు, 40 శాతం వెనక కాళ్లు మోస్తాయి. వెనక కాలు ఒకటి పోయినా మిగతా మూడింటితో సర్దుకోవడం దానికి తేలికే, చాలా కుక్కలు రెండు మూడు వారాల్లో పరిగెత్తుతాయి. చూసేవాళ్లకు కలిగినంత దుఃఖం వాటి నడకలో కనిపించదు.

ఇంటి కుక్కకు నాలుగో వారం చుట్టూ ఒక ఎక్స్‌రే, ఎనిమిదో వారం చుట్టూ ఇంకొకటి తీస్తారు. పిల్లకైతే ఇంకా ముందే. రెండు కోణాల్లో తీస్తే ఎముకకు నాలుగు అంచులు కనిపిస్తాయి. వాటిలో కనీసం మూడు చోట్ల కొత్త ఎముక వంతెనలా దాటిందంటే అతుక్కున్నట్టే. గట్టి ప్లేటు వేసిన చోట బయటికి ఉబ్బిన అతుకు కనిపించకపోవచ్చు, అది లోపం కాదు. రాడ్లను, బయటి ఫ్రేమ్‌ను తీసేస్తారు. ప్లేటును వదులైతేనో, చీము పడితేనో, చర్మం కింద గుచ్చుకుంటేనో తప్ప సాధారణంగా లోపలే ఉంచేస్తారు.

అతుక్కుందని తెలిసిన రోజే బీచికి తీసుకెళ్లి వదలొద్దు. ఎముక సిద్ధమైనా కండరం సిద్ధంగా ఉండదు, రెండు నెలల్లో తొడ బాగా ఎండిపోయి ఉంటుంది. పట్టీతో పది నిమిషాల నెమ్మది నడక, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ. కూర్చోబెట్టి లేపడం ఐదారు సార్లు. ఆ తర్వాత చదును ఇసుక, చివరికి మెట్లు. దర్జీ టేపు ఒకటి ఇంట్లో ఉంటే వారానికోసారి రెండు తొడలనూ ఒకే ఎత్తులో, కుక్క నిలబడి ఉండగా కొలిచి క్యాలెండరు మీద రాసి పెట్టుకోవచ్చు. రెండు అంకెలు దగ్గరపడే దాకా పట్టీ విప్పకుండా ఉండటం మంచిది.